పదహారేళ్ళ మేనకోడలు తండ్రిని చూడాలంటున్నది. అక్కకు ఎలా చెప్పాలి?

కె.ఆర్.పురం మేనమామ:

సభ్యులందరికీ నమస్కారం. బంధువులలో ఎవరిని అడిగినా ఆ మాట సాయంత్రానికల్లా మా అక్క చెవిన పడుతుంది కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

మాది మదనపల్లె. 2013లో బెంగళూరు వచ్చి కె.ఆర్.పురంలో స్థిరపడ్డాము. అక్క వైట్‌ఫీల్డులో ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తుంది. ఆమెకు ఒక్కతే కూతురు; సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండవ సంవత్సరం) చదువుతున్నది, వచ్చే మాఘమాసానికి పదిహేడు నిండుతాయి. పాప కడుపులో ఉండగానే అక్క పుట్టింటికి వచ్చేసింది, 2010లో ఇద్దరి అంగీకారంతో విడాకులూ అయిపోయాయి. అందువల్ల పాప ఇంతవరకు తండ్రిని కళ్ళతో చూడలేదు, గొంతు వినలేదు. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటి కూడా లేదు. ఎవరైనా అడిగితే ముక్తసరిగా ఒక మాట చెప్పి సంగతి మార్చడం మా అందరికీ అలవాటైపోయింది.

శ్రావణమాసంలో పాప, నేను మా వీధి చివరి గుడికి అర్చనకు వెళ్ళాము. పూజారిగారు గోత్రం అడిగితే పాప ఎప్పటిలాగే మా గోత్రం చెప్పింది. పక్కనున్న పెద్దావిడ ఒకరు, చెడ్డ ఉద్దేశంతో కాదు, “అది మీ అమ్మమ్మగారింటి గోత్రం కదమ్మా, మీ నాన్నగారిది చెప్పు” అన్నారు. పాప మారు మాట్లాడకుండా పూజ పళ్ళెం అక్కడే పెట్టి బయటికి వచ్చేసింది. ఆ రాత్రి అటక మీది ట్రంకు పెట్టె దింపి, పట్టుచీరల అడుగున ఉన్న 2007 నాటి పెళ్ళి శుభలేఖ వెతికి తీసిందట. అందులో నాలుగు మూలల పసుపు గోధుమరంగుకు తిరిగింది కానీ వరుడి పేరు, తాతగారి పేరు, ఊరు స్పష్టంగానే ఉన్నాయి. శుభలేఖలో కర్నూలు జిల్లా అని ఉండడంతో మొదట అక్కడ వెతికి దొరకక, ఆ ఊరు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలోకి వెళ్ళిందని తెలుసుకుని మళ్ళీ వెతికి, చివరికి ఫేస్‌బుక్‌లో పట్టుకుంది. ఆయనకు విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. భార్య, ఇద్దరు మగపిల్లలు ఉన్నారు. పాప వేరే పేరుతో ఖాతా తెరిచి స్నేహితుల అభ్యర్థన పంపితే, ఎవరో ఏమిటో చూడకుండానే ఆయన ఒప్పుకున్నారు. అప్పటి నుంచి ఆ ఇంటి పండుగలూ ఆ పిల్లల పుట్టినరోజులూ రోజూ చూస్తున్నది.

ఇదంతా నాకు పోయిన వారం చెప్పింది. “మామయ్యా, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ నంద్యాల మీదుగానే వెళ్తుంది. దసరా సెలవులకు నన్ను తీసుకువెళ్ళు. నువ్వు రాకపోతే ఒక్కదాన్నే వెళ్తాను” అన్నది. దసరాకు ఇంకా మూడు వారాలుంది. అక్కకు తెలియకుండా ఒకసారి చూపించి తీసుకువస్తే పాప మనసు కుదుటపడుతుందా? లేక ముందు అక్కకు చెప్పడమే సరైనదా? చట్టపరంగా ఏమైనా చిక్కులున్నాయా?

పాత ప్రయాణికుడు:

ఒక్కదాన్నే వెళ్తానన్న మాట చదివి ఇది రాస్తున్నాను. పదిహేడేళ్ళ వయసులో నేను సరిగ్గా అదే పని చేశాను. అప్పుడు మేము మారతహళ్ళిలో ఉండేవాళ్ళము, మా నాన్న చెన్నైలో పెరంబూరులో ఉండేవారు. కాలేజీ క్యాంపు అని అమ్మకు అబద్ధం చెప్పి, రాత్రి బండిలో కూర్చుని తెల్లవారి సెంట్రల్‌లో దిగి, అక్కడి నుంచి లోకల్ రైలులో వెళ్ళాను. దారి పొడవునా ఏమి మాట్లాడాలో వరుసగా పేర్చుకున్నాను. తలుపు తీసింది ఆయన భార్య. చేతివేళ్ళకు దోసెల పిండి అంటుకుని ఉంది. మొదట తమిళంలో అడిగి, నేను తెల్లమొహం వేయడం చూసి, “ఎవరు కావాలి బాబూ?” అని తెలుగులో అడిగారు. నేను పేర్చుకున్న మాటలలో ఆమెతో మాట్లాడవలసినది ఒక్కటీ లేదు. ఇల్లు పొరబడ్డానని చెప్పి మెట్లు దిగిపోయాను. సాయంత్రం బండి వచ్చేవరకు సెంట్రల్‌లో బల్ల మీద కూర్చున్నాను. లోపల ఆయన ఉన్నారో లేదో కూడా నాకు తెలియలేదు.

ఏడాదిన్నర తరువాత ఉత్తరం రాశాను. జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది, కానీ ఆయనే బెంగళూరు వచ్చారు. మెజెస్టిక్ దగ్గర ఒక హోటలులో కలుసుకున్నాము. ఆయన ముఖంలో నా పోలిక వెతికాను, దొరకలేదు. పీయూసీలో ఎన్ని మార్కులు వచ్చాయని అడిగారు, అమ్మ ఆరోగ్యం అడిగారు, తరువాత చాలాసేపు కాఫీ చల్లార్చుకుంటూ కూర్చున్నారు. బిల్లు వచ్చినప్పుడు కళ్ళజోడు తేవడం మరిచానని, “ఎంతయిందో చూడు బాబూ” అన్నారు. మన భాషలో అదొక చిక్కు: కన్నకొడుకునూ బాబూ అంటారు, దారి అడిగిన కుర్రవాడినీ బాబూ అంటారు. ఆయన నన్ను ఏ లెక్కన పిలిచారో ఈ రోజు వరకు నాకు తెలియదు. సంక్రాంతికీ ఉగాదికీ ఫోను చేసుకుంటాము.

నేను చెప్పేది ఒక్కటే. ముందు ఉత్తరం వెళ్ళాలి, మనిషి తరువాత వెళ్ళాలి. ఉన్నట్టుండి గుమ్మంలో నిలబడితే, ఇంటిల్లిపాది చూస్తుండగా ఆయన అప్పటికప్పుడు ఏదో ఒకటి తేల్చుకోవలసి వస్తుంది; బెదిరిన మనిషి ముందుగా కాదనే అంటాడు. అలాగే ఆ దొంగ పేరు ఖాతాను ఈ రోజే మూయించండి. రేపు ఈ అమ్మాయే ఆ అమ్మాయి అని తెలిసినప్పుడు, ఇన్నాళ్ళూ మా ఇంట్లోకి తొంగి చూసిందన్న మాట ఆ ఇల్లాలి మనసులో నాటుకుంటే ఇక దానిని పీకడం కష్టం.

ఫ్యామిలీ కోర్టు న్యాయవాది:

చట్టం గురించి అడిగారు కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. మీ దగ్గరి విడాకుల తీర్పు చూడకుండా ఎవరూ పూర్తి సలహా ఇవ్వలేరని ముందే మనవి.

తండ్రిని కలవకూడదని మైనరు పిల్లను ఏ చట్టమూ నిరోధించదు. ఇక్కడ చిక్కు మీతో వస్తుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో తండ్రి తరువాత తల్లి సహజ సంరక్షకురాలు అని రాసి ఉన్నా, తండ్రి బిడ్డ బాగోగులు పట్టించుకోని స్థితిలో తల్లే సహజ సంరక్షకురాలని సుప్రీంకోర్టు 1999లో గీతా హరిహరన్ కేసులో స్పష్టం చేసింది. కనుక మీ ఇంట్లో సంరక్షకురాలు మీ అక్కగారు, మీరు కారు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షను ప్రకారం, సంరక్షకుల సమ్మతి లేకుండా పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలను వారి సంరక్షణ నుంచి తీసుకువెళ్ళడం అపహరణ కిందికి వస్తుంది. మీ అక్క మీ మీద కేసు పెడుతుందని నేను అనడం లేదు. కానీ మీరు లేని సమయంలో పాప కనబడక ఆమె పోలీసు స్టేషనుకు వెళ్తే, ఆ రాత్రి మీ ఫోను ఏ స్టేషను పరిధిలో మోగుతుందో ఊహించుకోండి.

రెండవ సంగతి ఆస్తి. మీరు దాని ఊసే ఎత్తలేదు, బహుశా మీ మనసులో లేదు కూడా; అవతలివారి మనసులో మాత్రం మొదట మెదిలేది అదే. విడాకులతో భార్యాభర్తల బంధం తెగుతుంది కానీ బిడ్డ వారసత్వం తెగదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ మేనకోడలు ఆయనకు మొదటి తరగతి వారసురాలు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసి ఇచ్చింది, కేంద్రం 2005లో దేశమంతటికీ వర్తింపజేసింది, పుట్టుకతోనే ఆ హక్కు వస్తుందని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చి చెప్పింది. రాయలసీమలో రెండెకరాలున్న ఇంట్లో కూడా ఈ సంగతి అందరికీ తెలుసు. ఇద్దరు కొడుకులున్న తల్లి, పదహారేళ్ళ తరువాత వచ్చిన ఆడపిల్లను చూసి ముందు పొలం గట్టునే తలచుకుంటుంది. అందులో ఆమె తప్పేమీ లేదు.

పోషణ ఖర్చులు అడిగే హక్కు కూడా పాపకు ఉన్నది. 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం 20వ సెక్షను కింద మైనరుగా ఉన్నంతకాలమే కాక, పెళ్ళి కాని కూతురు తన సంపాదనతో తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉంటే ఆ తరువాత కూడా అడగవచ్చు. అక్కగారు విడాకుల సమయంలో ఏమీ వద్దని రాసి ఇచ్చినా బిడ్డ హక్కు దానితో పోదు. అయితే మొదటి ఉత్తరంలో గానీ మొదటి కలయికలో గానీ ఈ ప్రస్తావన తేవద్దు. అవసరమైతే తరువాత, తల్లి ద్వారా, వేరుగా అడగవచ్చు. హెచ్. సిద్దయ్య రోడ్డులోని న్యాయ దేగుల భవనంలో కుటుంబ న్యాయస్థానంతో పాటు మధ్యవర్తిత్వ కేంద్రమూ ఉన్నది. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. మీకు ఆ మెట్లు ఎక్కే అవసరం రాకూడదనే కోరుకుంటున్నాను.

విశ్రాంత ప్రధానోపాధ్యాయిని, జయనగర్:

నాయనా, తండ్రి పేరు రాయవలసిన గడి దగ్గర పెన్ను ఆపిన పిల్లలను నా ఉద్యోగకాలంలో చాలామందిని చూశాను. ఇప్పుడు కాగితాల బాధ కొంత తగ్గింది. 2016 డిసెంబరు నుంచి పాస్‌పోర్టుకు తల్లిదండ్రులలో ఒకరి పేరు చాలు. తల్లి ఒక్కతే పెంచుతున్న పిల్లలకు 2018 డిసెంబరు 5 నుంచి పాన్ కార్డు దరఖాస్తులో తండ్రి పేరు తప్పనిసరి కాదు. గుడిలో పక్కన నిలబడి గోత్రాలు సరిదిద్దేవారికి మాత్రం ఇంకా ఏ సర్క్యులరూ అందినట్టు లేదు.

అక్కకు చెప్పకుండా తీసుకువెళ్ళే ఆలోచన మానుకో. పదహారేళ్ళు ఒంటిచేత్తో పెంచిన మనిషికి, తన వెనుక తమ్ముడూ కూతురూ కలిసి రైలు టిక్కెట్లు కొన్నారని తెలిస్తే, ఆ బిడ్డ తండ్రిని వెతకడం కన్నా అదే ఆమెను ఎక్కువ కుంగదీస్తుంది. పాప నీతో చెప్పిందంటే, అమ్మకు చెప్పే పని నీకు అప్పగించిందనే నాకు అనిపిస్తున్నది. ఆ ఇంటి వైపు ఒక మేనత్త ఉండే ఉంటుంది. మేనమామ, మేనత్త మాట్లాడుకుంటే ఇటు మాట అటు, అటు మాట ఇటు వెగటు లేకుండా చేరుతుంది. ఆయన దుకాణానికి నేరుగా ఫోను చేస్తే కౌంటరు దగ్గర ఎవరుంటారో తెలియదు.

పాపను కూర్చోబెట్టి, ఆయనను ఏమేమి అడగాలనుకుంటున్నదో కాగితం మీద రాయమను. చూడాలని ఉండడం వేరు, అడగాలని ఉండడం వేరు. ఆయన జవాబు ఇవ్వకపోతే ఏమి చేస్తుందో కూడా ముందే మాట్లాడుకోండి. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో పిల్లల, కౌమారుల మానసిక వైద్య విభాగం ఉన్నది. అంత దూరం వద్దనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. పాప పుట్టినట్టు ఆ వైపుకు కబురు వెళ్ళిందా? ఆయన ఎన్నడూ రాలేదు అని నీ పోస్టులో ఎక్కడా రాయలేదు. పాప చూడలేదు అని మాత్రమే రాశావు. నలభై ఏళ్ళు జవాబు పత్రాలు దిద్దిన కళ్ళు నావి.

కె.ఆర్.పురం మేనమామ:

అమ్మా, మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఇటువైపు రాలేదు.

ఆయన ఒకసారి వచ్చారు. పాప మొదటి పుట్టినరోజుకు రెండు రోజుల ముందు. అప్పటికి విడాకుల కేసు నడుస్తున్నది. నాకు పంతొమ్మిదేళ్ళు. అక్క పాపకు టీకా వేయించడానికి ఆసుపత్రికి వెళ్ళింది, ఇంట్లో నాన్న, అమ్మ, నేను ఉన్నాము. ఆయన చేతిలో పిల్లలు నడక నేర్చుకునే మూడు చక్రాల చెక్క బండి ఉన్నది. దానిని అంత దూరం నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి ఉంటారు. ఒక చక్రం మీది ఎరుపు రంగు గీసుకుపోయి ఉంది. మా నాన్న గేటు తీయలేదు. ఏమన్నారో ఇక్కడ రాయలేను, ఆయన ఇప్పుడు లేరు. ఆ మనిషి ఎదురింటి అరుగు దగ్గర అరగంట నిలబడి, బండిని మా గోడకు ఆనించి వెళ్ళిపోయారు. సాయంత్రం అక్క వచ్చేలోగా అమ్మ దానిని పాలవాళ్ళ ఇంటికి పంపించేసింది. అక్కకు చెప్పవద్దని నా చేత ఒట్టు వేయించారు.

ఆయన మంచివాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ తరువాత పదిహేనేళ్ళలో ఆయన మళ్ళీ రాలేదు, ఒక రూపాయి పంపలేదు, ఒక ఉత్తరం రాయలేదు. కానీ నీ తండ్రి నిన్ను చూడడానికి ఒక్కసారి కూడా రాలేదు అనే మాట మా ఇంట్లో పాప చాలాసార్లు విన్నది, విన్న ప్రతిసారీ నేను అక్కడే ఉన్నాను.

పేరు రాయలేని ఒక తండ్రి:

నాకు బెంగళూరులోనే ఒక కొడుకు ఉన్నాడు. ఇప్పుడు పందొమ్మిదేళ్ళు ఉండాలి. ఈ చర్చ మూడు రోజులుగా చదువుతున్నాను, నన్ను తిట్టదలచినవారు తిట్టవచ్చు.

మొదట్లో వెళ్ళనివ్వలేదన్నది నిజం. తరువాత ఎవరూ ఆపలేదన్నదీ నిజం. మొదటి రెండేళ్ళు కోపం, ఆ తరువాత ఇన్నేళ్ళు వెళ్ళనివాడిని ఇప్పుడు ఏ ముఖంతో వెళ్ళాలనే సిగ్గు. ప్రతి ఏడూ ఆ సిగ్గు ఇంకాస్త బరువెక్కింది. మీ మేనకోడలి ఉత్తరం అందితే ఆయన వెంటనే జవాబు రాయకపోవచ్చు. దానిని అయిష్టమని అనుకోవద్దని పాపకు చెప్పండి. ఇంకొక సంగతి: ఆయన భార్యకు మొదటి పెళ్ళి గురించి తెలిసే ఉంటుంది, బిడ్డ గురించి తెలియకపోవచ్చు. నా భార్యకు నేను చెప్పడానికి ఆరేళ్ళు పట్టింది. ఆయన ముందు తన ఇంట్లో చెప్పుకునేందుకు కొంత గడువు ఇవ్వండి.

కె.ఆర్.పురం మేనమామ:

సలహాలు ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. జరిగినది రాస్తున్నాను.

ఆదివారం మధ్యాహ్నం అక్క గోంగూర ఆకు తుంచుతుండగా అంతా చెప్పాను: శుభలేఖ, ఫేస్‌బుక్, నంద్యాల, చివరికి ఆ చెక్క బండి కూడా. కట్ట మొత్తం అయిపోయేవరకు ఆమె తల ఎత్తలేదు. తరువాత, “ఆ బండి ఏ రంగు?” అని అడిగింది. చక్రాలు ఎరుపు అని చెప్పాను. కాడలు పోగుచేసి చెత్తబుట్టలో వేసి లోపలికి వెళ్ళింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పాపతో మాత్రం ఆ రాత్రి చాలాసేపు మాట్లాడింది, ఏమి మాట్లాడుకున్నారో నేను అడగలేదు. బుధవారం ఉదయం టిఫిను డబ్బాతో పాటు ఒక చీటీ నా చేతిలో పెట్టింది. దాని మీద పాప మేనత్త ఫోను నంబరు ఉన్నది. ఆమె దగ్గర ఎప్పటి నుంచి ఉందో తెలియదు.

ఆ సాయంత్రమే ఫోను చేశాను. నేను ఎవరినో చెప్పగానే ఆమె కాసేపు ఏమీ అనలేదు. న్యాయవాదిగారు చెప్పినట్టే మొదటి ప్రశ్న, “ఇది పొలం సంగతా?” కాదని చెప్పాను, పాప ఒక ఉత్తరం రాస్తుందనీ, అది తమ్ముడి చేతికి అందిస్తే చాలనీ, జవాబు ఎప్పుడు వచ్చినా, రాకపోయినా మేము గుమ్మం తొక్కబోమనీ చెప్పాను. రెండవ ప్రశ్న, “పాపకు ఏమి పేరు పెట్టుకున్నారు?” వాళ్ళకు పేరు కూడా తెలియదన్న సంగతి ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారీ తోచలేదు. పేరు చెప్పాను. ఆమె ఆ పేరును మెల్లగా తనలో తాను ఒకసారి పలికి చూసుకుంది. మరదలికి బిడ్డ సంగతి తెలియదనీ, ముందు తమ్ముడితో మాట్లాడి అతని చేతనే ఆమెకు చెప్పిస్తాననీ, ఉత్తరం తన పేరుతో పంపమనీ అన్నది.

దసరా ప్రయాణం మానుకున్నాము. దొంగ పేరు ఖాతాను పాప నా ఎదుటే మూసేసింది. మూసేముందు చిన్న పిల్లవాడి ఫొటో ఒకటి చాలాసేపు చూసింది, నేను తొందర పెట్టలేదు. ఉత్తరం నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చింపింది. అందులో అడగదలచినవి మాత్రం తేలిపోయాయి: గోత్రం ఏమిటి, ఆ వైపు ఎవరికైనా షుగరు, గుండె జబ్బు ఉన్నాయా, తాను ఎడమచేతి వాటం కావడం ఎవరి నుంచి వచ్చింది, ఆ చెక్క బండి ఎక్కడ కొన్నారు. చూడాలని ఉందని ఎక్కడా రాయలేదు. అక్క చదివి, అక్షరదోషాలు రెండు దిద్ది, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చింది.

ఇప్పుడు సంబోధన దగ్గర ఆగింది. నాన్నగారికి అని రాయడానికి చేయి రావడం లేదంటున్నది. పేరు రాసి గారు అని పెడితే బ్యాంకు మేనేజరుకు రాసినట్టు ఉందంటున్నది. నిన్న రాత్రి చూస్తే, పై గీత ఖాళీగా వదిలేసి రెండవ గీత నుంచి మొదలుపెట్టింది. అలా పంపవచ్చునా?

పాత ప్రయాణికుడు:

నేనూ ఖాళీగానే వదిలాను. పంపించండి.